క్యారమ్స్ సరిగ్గా ఆడటం ఎలా: బోర్డు మట్టం చూడటం నుంచి రెడ్ కవర్ చేసేదాకా

"దెబ్బ సూటిగా పోవట్లేదు", "కాయిన్‌తో పాటు స్ట్రైకర్ కూడా పాకెట్‌లో పడిపోతోంది", "రెడ్ పడుతుంది కానీ కవర్ (దాని వెంటనే వేయాల్సిన సొంత కాయిన్) రావట్లేదు". వేసవి సెలవుల్లో మా కాలనీ పిల్లలకు క్యారమ్స్ నేర్పుతుంటే ఎక్కువగా వినేవి ఈ మూడే. పెద్దవాళ్లు అడిగేవీ ఇవే. అందరూ తమ వేలినే తప్పుబడతారు. నేను చూసినంతలో సగం తప్పు బోర్డుది, కూర్చున్న తీరుది. మిగతా సగంలో ఎక్కువ భాగం అవసరానికి మించి గట్టిగా కొట్టడం వల్ల వచ్చేదే.

అందుకే కింద చెప్పిన వరుసను మార్చకండి. బోర్డు సరిచేయకుండా గురి నేర్చుకుంటే, ఆ బోర్డు వంకరకు మీ వేలు అలవాటు పడుతుంది. ఇంకో బోర్డు మీద కూర్చుంటే మళ్లీ మొదటికొస్తుంది.

1. బోర్డు సరైనదేనా, ముందు చూడండి

పోటీ నిబంధనల ప్రకారం ఆడే చదును ప్రతి వైపు 73.5 నుంచి 74 సెంటీమీటర్లు ఉండాలి. చెక్క మందం కనీసం 8 మిల్లీమీటర్లు. పాకెట్ వ్యాసం 4.45 సెంటీమీటర్లు. బొమ్మల దుకాణాల్లో దొరికే చిన్న బోర్డు మీద పిల్లలు సరదాగా ఆడుకోవచ్చు గానీ గురి మాత్రం నేర్చుకోలేరు. దూరాలు, పాకెట్లు అన్నీ వేరుగా ఉంటాయి.

కొనేటప్పుడు అంగడిలోనే ఇవి చేయండి:

- కన్ను ఫ్రేమ్ ఎత్తుకు దించి, బోర్డు మీదుగా అడ్డంగా చూడండి. మధ్యలో గుంటగానీ ఉబ్బుగానీ ఉంటే కనిపిస్తుంది.
- స్ట్రైకర్‌ను బేస్ గీతల (మీ ముందుండే జంట గీతల) మీద పెట్టి ఎదుటి ఫ్రేమ్‌కు గట్టిగా కొట్టండి. మంచి బోర్డు మీద అది కనీసం మూడున్నర సార్లు అటూ ఇటూ తిరగాలి.
- నాలుగు ఫ్రేముల మీదా అలాగే కొట్టి చప్పుడు వినండి. ఒక వైపు మాత్రమే బోలుగా మోగితే అక్కడ ఫ్రేమ్ వదులుగా ఉన్నట్టు.
- పాకెట్ అంచును వేలితో తడమండి. పలక పైకి లేచి ఉంటే కాయిన్ అక్కడే ఆగిపోతుంది.

2. మట్టం, వెలుతురు, కూర్చునే ఎత్తు

మంచం మీద, ఒళ్లో, సోఫా మీద బోర్డు పెట్టి ఆడకండి. పోటీల్లో వాడే స్టాండ్ ఎత్తు 63 నుంచి 70 సెంటీమీటర్లు, కూర్చునే స్టూలు లేదా కుర్చీ 40 నుంచి 50 సెంటీమీటర్లు ఉంటుంది. ఇంట్లో గట్టి టేబుల్ ఉంటే చాలు. రెండు ఎత్తుల మధ్య తేడా మాత్రం ఇంచుమించు అంతే ఉండేలా చూసుకోండి.

మట్టం చూడటానికి మేస్త్రీ దగ్గర ఉండే రసమట్టం మంచిది. ఫోన్‌లో ఉండే మట్టం యాప్ కూడా సరిపోతుంది. మధ్య వలయంలో ఒకసారి, నాలుగు పాకెట్ల దగ్గర ఒక్కోసారి, మొత్తం ఐదు చోట్ల చూడండి. వాలు ఉన్న వైపు కాళ్ల కింద మడిచిన అట్టముక్క పెట్టండి.

రెండూ లేకపోతే ఒక కాయిన్‌ను మధ్యలో పెట్టి, వేలితో మెల్లగా నాలుగు వైపులకూ జరిపి చూడండి. ఎప్పుడూ ఒకే దిక్కుకు వంపు తిరుగుతుంటే అటు వాలు ఉంది. మెల్లని దెబ్బకు ఈ వాలు బాగా తగులుతుంది, గట్టి దెబ్బకు తెలియదు. వాలు బోర్డు మీద నేర్చుకున్నవాళ్లు గట్టిగా కొట్టడానికి అలవాటు పడేది ఇందుకే.

బల్బు బోర్డు మధ్యకు నేరుగా పైన ఉండాలి. పక్క గోడ మీది ట్యూబ్‌లైట్ వెలుగులో కాయిన్ నీడ ఒక పక్కకు పడుతుంది, కన్ను ఆ నీడను కూడా కాయిన్ అంచుగానే లెక్కేస్తుంది. నిబంధనల్లో ఉన్నది 60 నుంచి 100 వాట్ల బల్బు. ఇప్పటి ఎల్‌ఈడీల్లో 9 వాట్లది కనిష్ఠానికి సరిపోతుంది. ఫ్యాన్ గాలికి పౌడర్ ఒక మూలకు చేరుతుంది, కాబట్టి సాధన చేసే అరగంటైనా ఫ్యాన్ తగ్గించండి.

3. శుభ్రం చేయడం, పౌడర్ వేయడం

నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే తీరిపోతాయి.

ముందు పాత పౌడర్ మొత్తం పోవాలి. పొడి నూలు గుడ్డతో ఒక ఫ్రేమ్ నుంచి ఎదుటి ఫ్రేమ్‌కు, ఒకే దిక్కులో తుడవండి. గుండ్రంగా రుద్దితే మురికి మధ్యకు చేరుతుంది. ఫ్రేమ్ అడుగున, బోర్డు కలిసే మూలలో పేరుకున్న బూడిద రంగు పొడిని గుడ్డ కొసతో లాగేయండి. రీబౌండ్ దెబ్బ (ఫ్రేమ్‌కు తగిలి వెనక్కి వచ్చేది) పాడయ్యేది ఆ పొడి వల్లే.

తడిగుడ్డ వద్దు. నీళ్లు తగిలితే ప్లైవుడ్ ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మళ్లీ దిగదు.

పౌడర్ బోరిక్ పౌడరే వాడండి. ముఖానికి రాసుకునే పౌడర్‌లో వాసన కోసం వేసేవి ఉంటాయి, కాసేపటికి చేతి చెమటతో కలిసి బోర్డు జిగురుగా తయారవుతుంది. బోరిక్ రెండు వేళ్లకు వచ్చినంత, రెండు మూడు చిటికెలు చాలు. మధ్యలో చల్లి, పొడి గుడ్డతో అన్ని వైపులకూ పలచగా పరచండి. పరిచాక పైకి తెల్లగా కనిపిస్తుంటే ఎక్కువైనట్టే. స్ట్రైకర్ ముందు పొడి పోగవుతుంది, దారి మళ్లుతుంది.

బోరిక్ పౌడర్ కడుపులోకి పోకూడదు. దాన్ని నోటితో ఊదకండి. ఆడుతూ చిరుతిళ్లు తినే అలవాటు ఉంటే మానండి, ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. చిన్నపిల్లలకు డబ్బా అందనివ్వకండి.

4. కాయిన్స్, స్ట్రైకర్

తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, ఒక రెడ్. ఒక్కోటి 3.02 నుంచి 3.18 సెంటీమీటర్ల వ్యాసం, 5 నుంచి 5.5 గ్రాముల బరువు ఉండాలి. అన్నిటినీ వరుసగా పేర్చి పైన అరచేయి ఆనించి చూస్తే ఎత్తు తేడా దొరుకుతుంది. అంచు మీద దొర్లించండి. వంకరగా దొర్లే కాయిన్ అరిగినది, దాన్ని మార్చేయండి. అంచున చిన్న పెచ్చు లేచి ఉంటే సన్న గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దితే పోతుంది.

స్ట్రైకర్ వ్యాసం 4.13 సెంటీమీటర్లు, బరువు 15 గ్రాములు మించకూడదు. బరువైన స్ట్రైకర్ కొంటే దెబ్బ బాగా వస్తుందని చాలామంది అనుకుంటారు. బరువు పెరిగినకొద్దీ దాన్ని ఆపడం కష్టం. ఒక స్ట్రైకర్ ఎంచుకుని కనీసం రెండు నెలలు దానితోనే ఆడండి.

5. చేయి, వేలు

కుర్చీని బోర్డు మధ్యకు ఎదురుగా వేసుకోండి. ఆట మొదలయ్యాక కుర్చీ జరపడం, లేచి నిలబడి కొట్టడం ఫౌల్. మోచేయి బోర్డు లోపలి చదును మీదికి రాకూడదు. మూలల్లో ఉన్న బాణం గీతలను చేయి దాటకూడదు.

వేలు పెట్టే పద్ధతులు చాలా ఉన్నాయి. కొత్తవాళ్లకు నేను చూపించేది ఇది:

- అరచేయి కిందికి తిప్పి, చిటికెన వేలు, ఉంగరం వేలు బోర్డు మీద తేలిగ్గా ఆనించండి. బరువు మోపొద్దు.
- చూపుడు వేలి కొసను బొటనవేలితో ఆపండి.
- ఆపిన వేలు గోరును స్ట్రైకర్‌కు వెంట్రుకవాసి దూరంలో ఉంచండి.
- బొటనవేలు వదిలేయండి. మణికట్టు కదలకూడదు.

ఇందులో మూడోది అన్నిటికన్నా ముఖ్యం. వేలు ఒక అంగుళం వెనక నుంచి వచ్చి తగిలితే దెబ్బ ఎక్కడ పడుతుందో చెప్పలేం, గోరు కూడా నొప్పి పెడుతుంది. దగ్గర నుంచి వదిలితే స్ట్రైకర్ మధ్యలో తగులుతుంది. గోరు నొప్పితో ఆట మానేసిన ఇద్దరు ముగ్గురు ఈ ఒక్క మార్పుతో మళ్లీ బోర్డు దగ్గరికి వచ్చారు.

స్ట్రైకర్‌ను తోయకూడదు, కొట్టాలి. అది రెండు బేస్ గీతలనూ తాకుతూ ఉండాలి. కొసల్లోని ఎర్ర గుండ్రం దగ్గర పెడితే దాన్ని పూర్తిగా కప్పాలి, లేదా అసలు తగలకూడదు. సగం మీద పెట్టడం తప్పు.

6. గురి: కాయిన్‌ను కాదు, దాని వెనక చోటును చూడండి

పాకెట్ మధ్య నుంచి కాయిన్ మధ్యకు ఒక గీత ఊహించుకోండి. ఆ గీతను కాయిన్ వెనక్కి పొడిగించండి. కాయిన్ మధ్య నుంచి సుమారు 3.6 సెంటీమీటర్ల దూరంలో ఒక చుక్క పెట్టుకోండి. కాయిన్‌లో సగం, స్ట్రైకర్‌లో సగం కలిపితే వచ్చే దూరం అది. స్ట్రైకర్ మధ్యభాగం ఆ చుక్క మీదికి చేరితే కాయిన్ పాకెట్ వైపే పోతుంది.

ఊహకు అందకపోతే ఇలా చేయండి. ఇంకో స్ట్రైకర్ తీసుకుని, కాయిన్‌కు ఆనించి, ఆ గీత మీద పెట్టండి. బేస్ దగ్గర కూర్చుని దాని మధ్యభాగాన్ని చూడండి. తర్వాత అది తీసేసి, ఆ ఖాళీ చోటుకే కొట్టండి. ఇలా రోజుకు ఇరవై దెబ్బలు వేస్తే వారంలో ఆ రెండో స్ట్రైకర్ అక్కర్లేకుండానే చోటు కనిపిస్తుంది.

కొత్తవాళ్లు చేసే తప్పు ఒక్కటే. కాయిన్ అంచున దెబ్బ తగలాల్సిన చోటు చూసి, స్ట్రైకర్ మధ్యభాగాన్ని అక్కడికే పంపుతారు. అప్పుడు దెబ్బ నిండుగా తగిలి, కాయిన్ పక్కకు తిరగాల్సినంత తిరగదు, ముందుకే పోయి ఫ్రేమ్‌కు తగులుతుంది. కట్ షాట్‌లు (కాయిన్‌ను పక్కకు కోసే దెబ్బలు) ప్రతిసారీ ఒకే వైపు తప్పుతుంటే కారణం ఇదే. దానికి తోడు, పక్కకు కోసే దెబ్బలో స్ట్రైకర్ రాపిడికి కాయిన్ కాస్త దాని వెంటే పోతుంది. కాబట్టి కట్ షాట్ మీకు తోచినదానికన్నా పిసరంత పలచగా కొట్టండి.

బేస్ గీతకు వెనక, మీ ఫ్రేమ్ దగ్గర ఉన్న కాయిన్‌కు రీబౌండ్ కావాలి. స్ట్రైకర్, కాయిన్ రెండూ ఎదుటి ఫ్రేమ్‌కు ఒకే దూరంలో ఉన్నాయనుకుంటే ఫ్రేమ్ మీద తగలాల్సిన చోటు రెండింటికీ సరిగ్గా మధ్యన ఉంటుంది. కాయిన్ మీకు ఇంకా దగ్గరగా ఉంటే ఆ చోటును స్ట్రైకర్ ఉన్న వైపుకు కొద్దిగా జరపండి.

7. ఎంత గట్టిగా? స్ట్రైకర్ ఎక్కడ ఆగుతుంది?

ఈ ఒక్క భాగం కోసమే ఇదంతా రాశానన్నా తప్పులేదు.

స్ట్రైకర్ 15 గ్రాములు, కాయిన్ ఐదు గ్రాముల పైచిలుకు. బరువైనది తేలికైనదాన్ని నిండుగా కొడితే అక్కడ ఆగదు. అప్పటిదాకా ఉన్న వేగంలో దాదాపు సగంతో అదే దారిలో ముందుకు పోతుంది. పాకెట్ ముందున్న కాయిన్‌ను సూటిగా, గట్టిగా కొడితే స్ట్రైకర్ కూడా వెనకే పడేది అందుకే. అది దురదృష్టం కాదు, మీరు కొట్టిన తీరుకు రావాల్సిన ఫలితం.

మూడు దారులున్నాయి.

మొదటిది, వేగం తగ్గించడం. కాయిన్ పాకెట్ అంచు దాటి పడేంత బలం చాలు. అప్పుడు స్ట్రైకర్ రాపిడికి పాకెట్ ముందే ఆగుతుంది.

రెండోది, సూటిగా కాక కొంచెం పక్క నుంచి కొట్టడం. బేస్ గీత మీద స్ట్రైకర్‌ను రెండు మూడు అంగుళాలు జరిపితే దెబ్బ కట్ అవుతుంది, స్ట్రైకర్ పాకెట్ పక్కన ఫ్రేమ్‌కు తగిలి వెనక్కి వస్తుంది.

మూడోది, ఆ పాకెట్‌ను వదిలేసి ఇంకో పాకెట్ చూసుకోవడం. దగ్గర పాకెట్ మీద మోజుతో దీన్ని ఎవరూ ఆలోచించరు.

వేగం అలవడటానికి ఒక సాధన: ఖాళీ బోర్డు మీద స్ట్రైకర్‌ను ఎదుటి బేస్ గీతల మధ్య ఆపండి. తర్వాత ఎదుటి ఫ్రేమ్‌కు తగిలి మధ్య వలయంలో ఆగేలా కొట్టండి. ఆ తర్వాత తిరిగి మీ బేస్ దాకా వచ్చి ఆగేలా. ఒక్కోటి పది సార్లు. ఈ మూడు వేగాలు చేతికి వస్తే ఆటలో నూటికి ఎనభై దెబ్బలు వాటిలోనే సర్దుకుంటాయి. మిగిలేది బ్రేక్ (ఆట మొదలుపెట్టే మొదటి దెబ్బ), గుంపులు విడగొట్టడం.

ప్రతి దెబ్బకు ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ కాయిన్ పడ్డాక నేను వేయబోయే కాయిన్ ఏది, దానికి ఈ స్ట్రైకర్ అడ్డు తగిలి చెడగొడుతుందా? పోటీల్లో ఒక దెబ్బకు 15 సెకన్ల సమయం ఉంటుంది. అది తక్కువేమీ కాదు.

8. పేర్చడం, బ్రేక్

1. మధ్య వలయంలో రెడ్ పెట్టండి.
2. చుట్టూ ఆరు కాయిన్స్: తెలుపు, నలుపు మార్చి మార్చి.
3. దాని చుట్టూ పన్నెండు, అవీ మార్చి మార్చి. లోపలి ప్రతి తెల్లదాని వెనక సూటిగా ఇంకో తెల్లది రావాలి. మూడు తెల్ల గీతలు రెడ్ నుంచి ఇంగ్లిష్ 'వై' అక్షరంలా కనిపిస్తాయి.
4. రెండు చేతులతో చుట్టూ నొక్కి ఖాళీలు మూసేయండి.

బ్రేక్ చేసేవాళ్లవి తెల్లవి. వై కొమ్ములు ఎటు తిరగాలో వాళ్లే చూసుకుంటారు, చాలామంది ఎదుటి పాకెట్ల వైపు పెడతారు. బ్రేక్‌కు బలం వాడండి గానీ ఉన్నదంతా వాడొద్దు. కాయిన్స్ బోర్డంతా చెల్లాచెదురైతే ప్రత్యర్థికి కూడా దారులు తెరుచుకుంటాయి. గుంపు విడిపోతూనే తెల్లవి పాకెట్ల వైపు జరగాలి.

9. రెడ్ ఎప్పుడు, కవర్ ఎలా

మీ కాయిన్ కనీసం ఒకటి పడ్డాకే రెడ్ వేయాలి. రెడ్ పడ్డాక వెంటనే వచ్చే దెబ్బలో మీ కాయిన్ ఒకటి వేయాలి, అదే కవర్ (మన పిల్లలు 'ఫాలో' అంటారు). పడకపోతే రెడ్ మధ్యకు తిరిగి వస్తుంది. రెడ్, మీ కాయిన్ ఒకే దెబ్బలో పడితే కవర్ అయినట్టే.

కవర్ రావట్లేదనేవాళ్లు వరుస తిరగేయాలి. రెడ్ పాకెట్ ముందు కనిపించగానే కొట్టేయకండి. ముందు కవర్ కాయిన్ ఎంచుకోండి. అది మీ బేస్ నుంచి సులువుగా, అడ్డు లేకుండా ఉండాలి. ఆ తర్వాత రెడ్‌ను, స్ట్రైకర్‌గానీ ఇంకో కాయిన్‌గానీ ఆ కవర్‌కు తగలని తీరులో కొట్టండి. సులువైన కాయిన్స్ అన్నీ ముందే వేసేసుకుని, చివర్లో రెడ్‌కు కష్టమైన కవర్ మిగుల్చుకోవడం నేను రోజూ చూసే తప్పు. పాకెట్ అంచున ఉన్న ఒక కాయిన్‌ను కవర్ కోసం దాచండి.

రెడ్ బోర్డు మీద ఉండగా మీ చివరి కాయిన్ పడిపోతే ఆ బోర్డు (ఆ విడత ఆట) మీరు ఓడినట్టే. రెండు మూడు కాయిన్స్ మిగిలేసరికి రెడ్ సంగతి తేల్చేయండి.

10. గొడవలు రాకుండా ముందే ఒప్పుకోవాల్సినవి

- స్ట్రైకర్ ఒక్కటే పడితే: ఛాన్స్ పోతుంది, మీ కాయిన్ ఒకటి డ్యూగా (జరిమానాగా) బయటికి వస్తుంది.
- స్ట్రైకర్‌తో పాటు మీ కాయిన్ పడితే: పడినది, దానికి తోడు డ్యూ ఒకటి, మొత్తం రెండు బయటికి. ఛాన్స్ మాత్రం మీదే.
- డ్యూ కాయిన్‌ను పెద్ద వలయం లోపల ప్రత్యర్థి పెడతారు.
- ప్రత్యర్థి కాయిన్ పడితే: అది వాళ్లకే లాభం, మీ ఛాన్స్ పోతుంది.
- బోర్డు గెలిచినవారికి ప్రత్యర్థి దగ్గర మిగిలిన ఒక్కో కాయిన్‌కు 1 పాయింట్. రెడ్ కవర్ చేసింది వాళ్లే అయితే ఇంకో 3. నాలుగు మిగిలితే మొత్తం 7.
- 22 పాయింట్లకు చేరాక రెడ్‌కు పాయింట్లు ఉండవు.
- ముందు 25 చేరినవారు, లేదా 8 బోర్డులు అయ్యేసరికి ముందున్నవారు గేమ్ గెలుస్తారు.

ఇళ్లలో నల్లది 5, తెల్లది 10, రెడ్ 25 అని లెక్కవేసే ఆట వేరు. చిన్నపిల్లలకు అదే బాగుంటుంది, దాన్ని దీనితో కలపకండి.

11. తేడా వస్తే ఎక్కడ వెతకాలి

- దెబ్బ ఎప్పుడూ ఎడమకే పోతోంది: ముందు మట్టం చూడండి. అది బాగుంటే గోరు స్ట్రైకర్ కుడి అంచుకు తగులుతోంది.
- స్ట్రైకర్ మధ్యలో నెమ్మదిస్తోంది: పౌడర్ ఎక్కువైంది, లేదా చెమటకు ముద్దకట్టింది. అంతా తుడిచి మళ్లీ వేయండి.
- కాయిన్ పాకెట్ నోట్లోనే తిరిగి బయటికి వస్తోంది: దెబ్బ ఎక్కువైంది.
- ఇంట్లో బాగా ఆడి, బయట తడబడుతున్నారు: కొత్త బోర్డు మీద మొదటి ఐదు నిమిషాలు కాయిన్స్ ముట్టకండి. ఖాళీ స్ట్రైకర్‌తో ఏడో భాగంలోని మూడు వేగాలు చూసుకోండి. టెన్షన్ కూడా సగం దానితోనే తగ్గుతుంది.

12. ఆట అయ్యాక

పౌడర్ తుడిచేయండి. కాయిన్స్ లెక్కపెట్టి పొడి డబ్బాలో వేయండి. బోర్డును గోడకు ఏటవాలుగా ఆనించి నెలల తరబడి వదిలేస్తే దాని బరువుకే వంగుతుంది. నా మొదటి బోర్డు ఒక వానాకాలంలో చెమ్మ పట్టిన గోడ పక్కన అలాగే పాడైంది, ఎంత ఎండబెట్టినా మళ్లీ మట్టానికి రాలేదు. పాత దుప్పటిలో చుట్టి, నేలకు తగలకుండా మంచం కింద రెండు చెక్కముక్కల మీద పడుకోబెట్టండి. వానల్లో పది రోజులకోసారి తీసి, నీడలో గాలికి ఒక పూట ఉంచండి.